ఆఫీసులో పావుగంట... ఒళ్లు తేలిక!

కంప్యూటర్ ముందు తొమ్మిది పది గంటలు. మెడ పట్టేస్తుంది. భుజాలు బిగుసుకుపోతాయి. నడుం పీకేస్తుంది. ఇంటికెళ్లి ఏ బామో రాసుకుని పడుకోవడం చాలామందికి అలవాటే. అలా కాకుండా... నొప్పి పుట్టిన చోటే, పనివేళల్లోనే, కంపెనీ ఖర్చుతోనే ఎవరో వచ్చి పావుగంట మెడా భుజాలూ పట్టి వెళ్తే? విడ్డూరంగా అనిపించినా అమెరికా, జపాన్‌లలో ఇది దశాబ్దాలుగా ఉన్నదే. ఇంతకీ దానివల్ల నిజంగా ప్రయోజనం ఉందా? ఉంటే ఎంతవరకు?

1999. అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో ఓ బుల్లి కంపెనీ. పనిచేసేది 40 మంది. ఉద్యోగులకు ఒళ్లు పట్టడానికి మనిషి కావాలని ఆ కంపెనీ ప్రకటన ఇచ్చింది. బోనీ బ్రౌన్ అనే మహిళ సరదాగా దరఖాస్తు పెట్టింది. వారానికి 450 డాలర్ల పార్ట్‌టైమ్ కొలువు. జీతంతో పాటు కొన్ని షేర్లు కొనుక్కునే హక్కు కూడా ఇచ్చారు. అవి ఎందుకూ కొరగావేమో అనుకుందామె. ఐదేళ్లపాటు ఇంజినీర్ల వీపులు పట్టి, ఉద్యోగం మానేసే నాటికి ఆ షేర్ల విలువ లక్షల డాలర్లు! ఎందుకంటే ఆ బుల్లి కంపెనీ పేరు... గూగుల్.

2007లో న్యూయార్క్ టైమ్స్ ఆ కథ రాశాక, ‘ఉద్యోగమంటే అలా ఉండాలి’ అని ప్రపంచమంతా చెప్పుకుంది. ఉచిత భోజనం, ఆటలు, మసాజ్... కొత్త తరం కంపెనీలకు అవే గుర్తులయ్యాయి.

ఇదే కథకు ఇంకో ముగింపూ ఉంది. 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ దాదాపు 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో కాలిఫోర్నియా ఆఫీసుల్లో మసాజ్ చేసేవాళ్లు రెండు డజన్లకు పైగా ఉన్నారు. డబ్బులున్నప్పుడు ముచ్చటగా పెట్టుకున్నది, పొదుపు మొదలవగానే ముందుగా తెగిపోయేది... ఆఫీసు మసాజ్ అంటే అంతేనా? లేక అందులో నిజంగా ఏమైనా సరుకుందా?

కుర్చీ మార్చిన కథ

ఒకప్పుడు మసాజ్ అంటే పెద్ద తతంగం. ప్రత్యేకంగా ఓ గది ఉండాలి. బల్ల కావాలి. బట్టలు మార్చుకోవాలి, నూనె రాయించుకోవాలి, తర్వాత స్నానం చేయాలి. ఎంత లేదన్నా గంటన్నర పని. ఖర్చూ ఎక్కువే. ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు దుస్తులు తీయాలంటే సగం మందికి మొహమాటం.

ఈ చిక్కుముడి విప్పింది శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన డేవిడ్ పామర్. ఆయనది ‘అమ్మా’ పద్ధతి. మన అమ్మ కాదు! ఇది జపాన్ వాళ్ల సంప్రదాయ మర్దన. ఆ మాటకి అర్థం నొక్కడం, రుద్దడం. ఇందులో నూనె అక్కర్లేదు. బట్టల మీదుగానే వేళ్లతో, అరచేత్తో నొక్కుతారు. మరి దీనికి పడుకోవడం ఎందుకు, కూర్చుంటే చాలదా అన్నది పామర్ ఆలోచన. 1980ల మధ్యలో ఆపిల్ కంప్యూటర్ ఉద్యోగులకు ఆయన బృందం ఇలాగే మసాజ్ చేసింది. 1986లో ఇందుకోసమే ఓ ప్రత్యేకమైన కుర్చీని తీసుకొచ్చారాయన. ఇందులో ముందుకు వాలి కూర్చోవాలి. ఛాతీకి మెత్తటి ఆసరా ఉంటుంది. మొహం ఆనించడానికి మధ్యలో ఖాళీ ఉన్న దిండు, చేతులు పెట్టుకోవడానికి ఓ పలక. మడిచి చంకన పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

అంతే! బట్టలు మార్చుకునే పనిలేదు. నూనె జిడ్డు లేదు. తలుపులు బిగించుకోనక్కర్లేదు. పది నుంచి ఇరవై నిమిషాల్లో మెడ, భుజాలు, వీపు, చేతులు, తల... అన్నీ అయిపోతాయి. మసాజ్ ఆఫీసులోకి అడుగుపెట్టింది ఈ కుర్చీ మీదే.

షాంపూ మనదే!

‘ఇదంతా అమెరికా సోకు’ అని కొట్టిపారేయడానికి లేదు. తలకు రుద్దుకునే షాంపూ ఉందే, ఆ మాట పుట్టిందే మన మర్దనలోంచి. హిందీలో ‘చాంపో’ అంటే నొక్కు, పిసుకు అని. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల శాల తెరిచి, తెల్లదొరలకు ఒళ్లు పట్టించాడు. అక్కడ దాన్ని ‘షాంపూయింగ్’ అన్నారు. రాజు నాలుగో జార్జికి సైతం ఆయనే ‘షాంపూయింగ్ సర్జన్’. ఆ మాట తలస్నానానికి అంటుకుంది తర్వాతే.

మన ఇళ్ల సంగతి చెప్పేదేముంది! పసిపిల్లలకు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తాం. పండగొస్తే నువ్వుల నూనెతో తలంటు. రోజూ నూనె మర్దన చేసుకోవాలనీ తల, చెవులు, పాదాలను అస్సలు మరవొద్దనీ ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం చెబుతుంది. క్షవరం అయ్యాక సెలూన్‌లో తల మీద పడే నాలుగు దెబ్బలు కూడా ఆ కోవలోవే.

మారిందల్లా అలసట రకమే. పొలంలో పనిచేసిన ఒళ్లు కదిలి కదిలి అలిసిపోతుంది. ఆఫీసులో కూర్చున్న ఒళ్లు కదలక అలిసిపోతుంది. మన తల బరువు సుమారు ఐదు కిలోలు. తెర వైపు మెడ వంచేకొద్దీ ఆ బరువు మోయడానికి మెడ, భుజాల కండరాలు గంటల తరబడి బిగుసుకునే ఉండాలి. బిగిసిన కండరానికి రక్తం సరిగ్గా అందదు. నొప్పి మొదలవుతుంది. నొప్పి వల్ల మరింత బిగుసుకుంటుంది. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్న తర్వాత హైదరాబాద్‌లో ఓ తరం మొత్తం కుర్చీకి అతుక్కుంది. ఈ నొప్పి వాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు.

లెక్కలు చేయించి చూశారు

మర్దన చేస్తే హాయిగా ఉంటుంది, సరే. పనికి ఏమైనా ఉపయోగమా? మయామీ విశ్వవిద్యాలయంలో టిఫనీ ఫీల్డ్ బృందం ఈ సంగతి తేల్చడానికి ఓ ప్రయోగం చేసింది. 26 మందికి వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున ఐదు వారాలు కుర్చీ మసాజ్ చేశారు. ఇంకో 24 మందిని అదే కుర్చీలో అంతే సమయం ఊరికే సేదతీరమన్నారు. అందరికీ ముందూ తర్వాతా లెక్కలిచ్చారు. మసాజ్ చేయించుకున్నవాళ్లు లెక్కల్ని అంతకుముందు కన్నా త్వరగా చేశారు, తప్పులూ తగ్గాయి. మసాజ్ చేయించుకుంటే నిద్ర ముంచుకొస్తుందనేగా భయం! వాళ్ల మెదడు తరంగాలు మాత్రం చురుకుదనాన్నే చూపించాయి. 1996లో వచ్చిన ఫలితాలివి.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో నర్సులతో మరో ప్రయత్నం జరిగింది. డ్యూటీలో ఉండగానే 38 మందికి వారానికోసారి పావుగంట, పది వారాలు. ఆఖర్న చూస్తే ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఊపిరాడని ఆసుపత్రి పనిలోనూ పావుగంట వెసులుబాటు సాధ్యమేనని తేలడం.

ఇవన్నీ చిన్న చిన్న ప్రయోగాలు. అందుకే 2004లో క్రిస్టఫర్ మోయర్, మరో ఇద్దరు పరిశోధకులు 37 అధ్యయనాలను ఒకచోట చేర్చి జల్లెడ పట్టారు. ఒక్కసారి చేయించుకున్నా అప్పటికప్పుడు ఆందోళన, రక్తపోటు, గుండె వేగం తగ్గుతున్నాయి. కొన్నాళ్లు వరసగా చేయించుకుంటే దిగులు, ఎప్పుడూ ఉండే ఆందోళన కూడా చెప్పుకోదగ్గంతగా తగ్గుతున్నాయని తేలింది.

పనిలో పనిగా కొన్ని అపోహలూ ఎగిరిపోయాయి. మసాజ్‌తో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బాగా పడిపోతుందని ప్రచారం. మోయర్ బృందానికి అలాంటి ఆధారం దొరకలేదు. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కరిగిపోతుందని ఇంకో మాట. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది కుర్రాళ్లతో అలిసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల కండరాలనూ పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా లేదు. మర్దన చేసిన కాల్లో వాపు లక్షణాలు మాత్రం తగ్గాయి. 2012 నాటి మాటిది.

మరి మొండి మెడనొప్పి సంగతి? పావుగంటతో అది పోతుందనుకోవడం అత్యాశే. దీర్ఘకాలంగా మెడనొప్పితో బాధపడుతున్న 228 మందిపై అమెరికాలో చేసిన పరిశోధన 2014లో వెలువడింది. వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చేసినప్పుడు బాగా గుణం కనిపించింది. అరగంట మసాజ్‌తో పెద్ద తేడా రాలేదు. అంటే... ఆఫీసులో చేసే పావుగంట మసాజ్ మనసును తేలిక చేస్తుంది, బిగుతును కాస్త సడలిస్తుంది. జబ్బును నయం చేసే వైద్యం కాదు.

వేళ్లకు కళ్లుంటాయి

ఆఫీసు మసాజ్‌ను హంగుగా కాకుండా పద్ధతిగా నడుపుతున్న దేశం జపాన్. అక్కడ చాలా కంపెనీల్లో ‘హెల్త్ కీపర్’ అనే ఉద్యోగి ఉంటారు. ఉద్యోగులు ముందుగా సమయం అడిగి పెట్టుకుని వెళ్తే మెడా వీపూ పట్టి పంపడం వాళ్ల పని. విశేషం ఏంటంటే... ఈ హెల్త్ కీపర్లు ఎక్కువగా చూపు లేనివాళ్లు!

దీనికి శతాబ్దాల చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు చూపులేనివారికి ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే బడులు పెట్టాడు. ఇప్పటికీ అంధుల పాఠశాలల్లో కనీసం మూడేళ్లు చదివి, శరీర నిర్మాణం నుంచి మర్దన మెలకువల దాకా నేర్చుకుని, జాతీయస్థాయి పరీక్ష పాసైతేనే అనుమతి. కంపెనీల్లో నిర్ణీత శాతం మంది వికలాంగులు ఉండాలన్న చట్టం కూడా కలిసొచ్చింది. 2024 ఏప్రిల్‌లో ప్రైవేటు సంస్థల్లో అది 2.5 శాతం అయింది. కంపెనీకి నిబంధన తీరుతుంది. ఉద్యోగికి అలుపు తీరుతుంది. చూపు లేని మనిషికి నెలనెలా జీతం, కంపెనీ గుర్తింపు కార్డు, పదిమందిలో గౌరవం. ఎవరి దయా అక్కర్లేని కొలువు.

మన దగ్గర మర్దన చేసేవారిని చూసే చూపు ఇంకా మారాలి. ఒళ్లు పట్టే పనిని తక్కువగా చూడటం, మసాజ్ అనగానే వెకిలిగా నవ్వడం మామూలే. హైదరాబాద్, విశాఖ కంపెనీలు ఎవరైనా దీన్ని మొదలుపెట్టాలనుకుంటే జపాన్ నుంచి నేర్చుకోవాల్సింది ఆ మర్యాదే.

మసాజ్ ఇచ్చి... నిద్ర లాక్కుంటే?

ఇప్పుడు అసలు చిక్కు. రాత్రి పదకొండు దాకా పని చేయించి, శుక్రవారం మధ్యాహ్నం పావుగంట భుజాలు పట్టిస్తే ఉద్యోగి బాగుపడతాడా?

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించాడు. ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, ధ్యానం తరగతులు, నిద్ర యాప్‌లు... ఇలా కంపెనీలు ఇస్తున్న వాటిలో పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ మానసిక క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్వచ్ఛంద సేవ ఒక్కటే మినహాయింపు. 2024లో వెలువడిన ఈ ఫలితాల సారం ఒక్కటే. మనిషిని మరమ్మతు చేస్తే చాలదు, పనిని సరిచేయాలి.

పనిగంటల సంగతే చూడండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కతేల్చాయి. ఒక్క 2016లోనే దీనివల్ల పోయిన ప్రాణాలు 7 లక్షల 45 వేలు. ఇటు మన దేశంలో యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, 90 గంటలని 2025లో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ అన్న మాటలు ఎంత దుమారం రేపాయో తెలిసిందే. ఆ గంటలు మారకపోతే ఎంత నేర్పున్న చేతులైనా ఏం చేయగలవు?

ఇంకో కోణమూ ఉంది. ఏసీ గదిలో కూర్చున్న ఉద్యోగికి మసాజ్ సరే... గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డుకో? వంగి వంగి నేల తుడిచే ఆయమ్మకో? చీరల దుకాణంలో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయికో? దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కొందరికి మసాజ్ కుర్చీ కన్నా ముందు మామూలు కుర్చీ కావాలి మరి!

ఆఫీసులో పెట్టాలంటే...

ఇవన్నీ తెలిసి కూడా మొదలుపెట్టే యాజమాన్యాలకు కొన్ని సూచనలు. 

విరామంలో కోత పెట్టొద్దు: మసాజ్ సమయం భోజనం, టీ విరామాలకు అదనంగా ఉండాలి. దానికోసం సాయంత్రం మరో అరగంట కూర్చోబెడితే ఫలితం సున్నా.

ఇష్టం ఉంటేనే: తాకడం అందరికీ నచ్చదు. వద్దన్నవాళ్లను ఎందుకని అడగొద్దు. మగవారు చేయాలా, ఆడవారు చేయాలా అన్నది చేయించుకునేవారి ఇష్టమే. బట్టల మీదుగా, నలుగురికీ కనిపించేలా సగం తెరిచి ఉన్న చోట చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చేతుల్ని చూసి ఎంచుకోండి: శిక్షణ పొందినవారే చేయాలి. ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అని ముందుగా అడగనివారిని నమ్మొద్దు.

ఏడాదికోసారి సంబరంలా వద్దు: పరిశోధనల్లో దిగులు, ఎప్పుడూ ఉండే ఆందోళన తగ్గినట్టు కనిపించింది కొన్నాళ్లు వరసగా చేసినప్పుడే.

అందరికీ: మేనేజర్‌కి ఉన్నదే హౌస్‌కీపింగ్ సిబ్బందికీ ఉండాలి.

వీళ్లు జాగ్రత్త

జ్వరం, చర్మ వ్యాధులు, గాయాలు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు మసాజ్ వాయిదా వేసుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు, ఎముకలు గుల్లబారినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టర్‌ని అడగాలి. ఒక కాలే వాచి, పిక్క నొప్పి పెడుతుంటే అక్కడ అసలు రుద్దకూడదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చు. మెడనొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కడం, పట్టు సడలడం, ఛాతీ నుంచి భుజానికి నొప్పి పాకడం... ఇవి మసాజ్‌కి లొంగేవి కావు. ఆసుపత్రికి వెళ్లాల్సినవి. 

ఇక సెలూన్‌లో ‘టక్’మని మెడ విరిపించుకునే అలవాటు ఉన్నవాళ్లకో మాట. ఆ కుదుపుకి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే జీవితమే మారిపోతుంది. తలకు మర్దన చేయించుకోండి, మెడ మాత్రం ముట్టుకోనివ్వద్దు.

మీ చేతులే మీకు...

కంపెనీ పిలిచి పట్టించేదాకా ఆగక్కర్లేదు. ఐదు నిమిషాలు చాలు.

కుడిచేత్తో ఎడమ భుజం కండను గుప్పిట నిండా పట్టుకుని ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. మెడ నుంచి భుజం చివరిదాకా జరుగుతూ ఐదుసార్లు. తర్వాత రెండో వైపు.

గడ్డం కాస్త దించి, తల వెనక పుర్రె కింద అంచున రెండు బొటనవేళ్లతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. మెడ ముందు వైపు, పక్కల్లో గట్టిగా నొక్కొద్దు.

ముంజేతిని మోచేయి నుంచి మణికట్టు దాకా పిసకండి. అరచేతి మధ్యలో బొటనవేలితో నొక్కండి. మౌస్ పట్టుకునే చేతికి ఇంకాస్త ఎక్కువసేపు.

పది వేళ్లతో తల మొత్తం తలంటినట్టు రుద్దండి.

ఆఖర్న లేచి నాలుగడుగులు వేయండి. అరగంటకోసారి ఇలా లేవడమే అన్నిటికన్నా పెద్ద మందు.

పావుగంట మర్దనతో అద్భుతాలు జరగవు. కానీ బిగిసిన భుజం మీద ఓ చెయ్యి పడి, కాసేపు ఎవరూ ఏమీ అడగని ఆ పావుగంట మనిషికి ఊపిరి తిరిగేలా చేస్తుంది. కంపెనీలు ఆ చెయ్యి వేయడం మంచిదే. దాంతోపాటు వేళకి ఇంటికి పంపిస్తే ఇంకా మంచిది. ఎందుకంటే... అలుపు తీరాల్సిన అసలు చోటు ఇల్లే!